చిన్నపిల్లలున్న ఇంట్లో భార్యాభర్తలు కలిసి తిరగడం ఎలా: నెల్లూరు, ప్రకాశం వాళ్లకి సమగ్ర మార్గదర్శి

మూడేళ్లు అరకు అరకు అన్నాం. మొదటిసారి టికెట్లు తీశాక పెద్దదానికి ఆటలమ్మ పోసింది, రెండోసారి సరిగ్గా అదే వారం రొయ్యల పట్టుబడి వచ్చిపడింది, మూడోసారి టికెట్లు తీయడానికే ఇద్దరికీ ఓపిక లేకపోయింది. ఈలోగా పెద్దది ఒకటో తరగతికొచ్చింది, చిన్నోడికి రెండున్నరేళ్లు నిండాయి, నేనూ మా ఆయనా మాట్లాడుకునే మాటలన్నీ పాలు తాగాడా, ఫీజు కట్టావా, గ్యాస్ బుక్ చేశావా దగ్గరే ఆగిపోయాయి. నాది బ్యాంకు ఉద్యోగం, ఆయనది విడవలూరు వైపు రొయ్యల చెరువులు. నా సెలవు రోజున ఆయన మేత వేస్తుంటాడు, ఆయన ఖాళీగా ఉన్న రోజు నేను కౌంటర్లో ఉంటాను.

ఇప్పుడు ఏడాదిన్నరగా నెలకి కనీసం ఒక్కసారైనా ఎక్కడికో ఒకచోటికి పోతున్నాం. మా అత్తయ్య దీనికి 'తిరుగుడు' అని పేరు పెట్టింది, మాకూ అదే అలవాటైంది. ఎలా కుదిరిందో వరసగా రాస్తాను. ఈ వరస మేము తప్పులు చేసి నేర్చుకున్నదే కాబట్టి మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

1. ముందు తేల్చుకోవాల్సింది: ఈ తిరుగుడు ఎవరికోసం?

మేము మొదట చేసిన పొరపాటు, పిల్లల్ని తిప్పడమే మన తిరుగుడు అనుకోవడం. పార్కు, ఎగ్జిబిషన్, జెయింట్ వీల్, ఐస్‌క్రీం. సాయంత్రానికి వాళ్లు హుషారుగానే ఉంటారు, మనం మాత్రం ఎవరి పెళ్లిలోనో వడ్డించి వచ్చినట్టు ఇంటికి చేరతాం. మనిద్దరికీ చూడాలనిపించిన చోటికి మనం పోతుంటే పిల్లలు వెంట రావడం వేరే సంగతి. పిల్లలకి చోటుతో పెద్ద పట్టింపు లేదు. కొండైనా, చెరువుగట్టైనా, రైలైనా ఏదో ఒక పుల్ల దొరికితే చాలు వాళ్లకి. కాబట్టి చోటు మీరిద్దరూ ఎంచుకోండి, వాళ్లనడక్కండి. అడిగితే ఎప్పుడూ జెయింట్ వీలే.

ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక విడివిడిగా చెరో కాగితం మీద అయిదు చోట్లు రాసుకోండి, తర్వాత చూసుకోండి. మా ఇద్దరి కాగితాల్లో కలిసింది ఒక్కటే, ఉదయగిరి కోట. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆయనకి పక్షులంటే ఇష్టమని నాకు ఆ కాగితం చూసేదాకా తెలీదు.

2. చోట్లని దూరంతో కాదు, గంటలతో కొలవండి

మేము నాలుగు రకాలుగా విడగొట్టుకున్నాం: రెండు గంటలది, పూటది, రోజుది, పిల్లల్ని ఇంట్లో వదిలి ఇద్దరమే పోయేది. అరకు లాంటివి అయిదో రకం, ఏడాదికోసారి కుదిరితే కుదిరినట్టు, లేకపోతే లేదు. పెద్ద తిరుగుడు కోసం కాచుక్కూర్చుంటే చిన్నవి కూడా పోతాయి, మా మూడేళ్లు అలాగే పోయాయి.

రెండు గంటల తిరుగుళ్లకి ఖర్చుండదు. పెన్నా ఒడ్డున రంగనాయకుల గుడి దగ్గర సాయంత్రం కూర్చోవడం కూడా ఇందులోకే వస్తుంది. అన్నిటికంటే మాకు నచ్చింది రాకెట్. శ్రీహరికోట నుంచి ప్రయోగం ఉన్నరోజు మబ్బు లేకపోతే నెల్లూరు మేడ మీద నుంచే కనిపిస్తుంది, దక్షిణం వైపు, కాస్త తూర్పుకి తిరిగి చూడాలి. టైము ఇస్రో వాళ్లు ముందే చెప్తారు. రాత్రి ప్రయోగమైతే ఇంకా బాగుంటుంది. మేము చాప, దుప్పటి, ఫ్లాస్కులో పాలు పట్టుకుని గంట ముందే మేడెక్కుతాం, ఫోన్లో లైవ్ పెట్టుకుని లెక్క వినిపిస్తుంటే పెద్దది కూడా అంకెలు వెనక్కి చెప్తూ ఉంటుంది. అంతా కలిపి రెండు నిమిషాల సంబరం, కానీ ఎదురుచూసిన గంటసేపూ మేమిద్దరం మాట్లాడుకోవడానికి దొరికింది. శ్రీహరికోటలో జనం చూడటానికి 2019లో గ్యాలరీ తెరిచారు, ఆన్‌లైన్లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. బడికి పోయే పిల్లలుంటే వెళ్లండి. రెండేళ్ల పిల్లాణ్ణి ఎత్తుకుని ఎండలో గంటలకొద్దీ కూర్చోవడం మాత్రం నేను చెప్పను.

3. క్యాలెండర్ పని

గోడ మీద తెలుగు క్యాలెండర్ దించి, ఇద్దరూ చెరో రంగు పెన్ను పట్టుకుని కూర్చోండి. నాకు రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకు సెలవు, రెండో శనివారం పెద్దదానికి బడి కూడా ఉండదు. ఆయనకి వారంలో సెలవంటూ లేదు, వనామీ రొయ్యల పంట మూడున్నర, నాలుగు నెలలు నడిచినన్నాళ్లూ మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలో చూడాలి, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా చూడాలి. పట్టుబడి అయిపోయి చెరువు ఎండబెట్టిన రోజులే ఆయనకి పండగ. అందుకని రోజు తిరుగుళ్లన్నీ ఆ ఎండబెట్టే రోజుల్లోకి నెట్టాం, పంట నడుస్తున్నప్పుడు రెండు గంటలవి, పూటవి మాత్రమే. మీది కృష్ణపట్నంలో షిఫ్టు ఉద్యోగమైనా, ఒంగోల్లో షాపైనా ఇదే పద్ధతి: ఇద్దరిలో ఎవరి టైము కష్టంగా దొరుకుతుందో వాళ్ల టైము ముందు రాయండి, మిగతావాళ్లు దాని చుట్టూ సర్దుకోవాలి.

తర్వాత మన ఊరి వాతావరణం చూసుకోండి. మనకి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతోనే, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తుఫాన్లు కూడా అప్పుడే. పక్షులొచ్చే కాలం కూడా అప్పుడే మొదలవుతుంది, కాబట్టి పక్షులకి డిసెంబర్ చివర, జనవరి, ఫిబ్రవరి మంచిది. కొండలకి చలికాలం. జలపాతాలకి వాన పడ్డ తర్వాత వారం, వాన పడుతున్న వారం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారుజామున సముద్రం తప్ప ఇంకేదీ పెట్టుకోకండి. రోహిణీ కార్తెలో పిల్లల్ని పగలు బయటికి తీస్తే తిరుగుడు కాదు, ఆసుపత్రే. ఉలవపాడు మామిడికాయల కోసం అటు పోయినా పొద్దున్నే పోయి తొమ్మిదికల్లా తిరుగు ప్రయాణం కట్టండి.

4. సర్దుడు పంచుకోవడం (ఇక్కడే ఎక్కువ గొడవలు)

నిజం చెప్తున్నాను, చాలా ఇళ్లలో తిరుగుడు ఆగిపోయేది డబ్బుల్లేక కాదు, టైము లేక కాదు. ముందురోజు రాత్రి సర్దేదీ, తెల్లారి లేచి వండేదీ, వచ్చాక ఇసక గుడ్డలు ఉతికేదీ ఒక్కమనిషే కావడం వల్ల. ఆ మనిషి రెండుసార్లు వెళ్లాక మూడోసారి "మీరు పోయి రండి, నేను ఇంట్లో పడుకుంటా" అంటుంది. నేనూ అన్నాను. ఆయన 'ఈసారి నేనే సర్దుతాలే' అని చిన్నోడి నిక్కర్లు మర్చిపోయి, నా రెండు చీరలు పెట్టాడు. మైపాడు బీచికి చీరలెందుకని ఇప్పటికీ అడుగుతుంటాను.

ఇప్పుడు మా లెక్క ఇది. వెళ్లేముందు పని ఒకరిది, వచ్చాక పని రెండోవాళ్లది, ప్రతిసారీ మారుతుంది. సంచి మాత్రం ఎప్పుడూ సర్దే ఉంటుంది, బీరువా పక్కన కొక్కేనికి వేలాడుతుంటుంది. అందులో ఉండేవి: ఇద్దరు పిల్లలకి రెండేసి జతలు, పాత కాటన్ చీర ఒకటి (కూర్చోడానికి, తుడుచుకోవడానికి, కప్పుకోవడానికి, నీడకి కట్టడానికి అన్నిటికీ అదే), టార్చిలైటు, ఓఆర్ఎస్ పొట్లాలు, పారాసిటమాల్ సిరప్, దూది, బ్యాండేజీ, దోమల క్రీము, ఉతికిన పాల ప్యాకెట్ కవర్లు ఒక ఇరవై. ఈ కవర్లు తడి నిక్కర్లకీ, చెత్తకీ, బండిలో వాంతులకీ పనికొస్తాయి. ఇంకా ఒక పౌడర్ డబ్బా, దాని సంగతి కింద చెప్తాను.

తిండి విషయంలో మొహమాటం వద్దు. రోజు తిరుగుడైతే పులిహోర, పెరుగన్నం, అంతకుమించి వండొద్దు. పూట తిరుగుడైతే ఇంట్లో పొయ్యి వెలిగించొద్దు, తిరిగొచ్చేటప్పుడు ఎక్కడో ఒకచోట కారందోసె తినండి. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలిపితే మధ్యాహ్నానికి పులవకుండా సరిగ్గా తోడుకుంటుంది.

5. మొదటి ప్రయత్నం మైపాడుతో చెయ్యండి

నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్లు. మన సముద్రం తూర్పున కాబట్టి పొద్దు నీళ్లలోంచే లేస్తుంది, అది చూడటానికి కన్యాకుమారి దాకా పోనక్కర్లేదు. అయిదింటికి బండి తీస్తే చాలు. పిల్లల్ని రాత్రే బయటికెళ్లే బట్టలేసి పడుకోబెట్టండి, తెల్లారి నిద్రలోనే ఎత్తుకొచ్చి బండిలో వేసుకోవచ్చు. కారు లేకపోతే ఆటో ముందురోజే మాట్లాడుకోండి. స్కూటర్ మీద నలుగురు పోయే పని చెయ్యకండి, మేమొకసారి పోయి దారిలో పంక్చరై, రెండు కిలోమీటర్లు వరి చేల మధ్య బండి తోసుకుంటూ నడిచాం. ఆ నడకలో చిన్నోడు ప్రతి కొంగకీ ఆగి టాటా చెప్పాడు, నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

సముద్రం దగ్గర ఒకటే రూలు, దీంట్లో బేరం లేదు: ఒక పెద్దమనిషి ఒక పిల్ల, చెయ్యి పట్టుకునే ఉండాలి. అల చిన్నగానే కనిపిస్తుంది, వెనక్కి లాగేటప్పుడు దాని బలం తెలుస్తుంది. మడమ దాటి నీళ్లలోకి పిల్లల్ని దించొద్దు. ఫోటోలు అవసరమైతే పిల్లలిద్దరూ ఒడ్డున కూర్చున్నాక తీసుకోండి.

ఇసక వదలడానికి పౌడర్. తడి కాళ్లని గుడ్డతో రుద్దితే పిల్లలు ఏడుస్తారు, ఇసకా పోదు. కాస్త పౌడర్ చల్లి అరచేత్తో మెల్లగా దులపండి, తడి పీల్చుకుని ఇసక రాలిపోతుంది. బండి సీట్లు బతికిపోతాయి.

మైపాడుకి జనం ఎక్కువనిపిస్తే కొత్తకోడూరు ఉంది. ఒంగోలు వాళ్లకి కొత్తపట్నం, సింగరాయకొండ వాళ్లకి పాకల.

6. రోజు తిరుగుడు: నేలపట్టు, పులికాట్

ఆయన కాగితంలోది ఇది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఈ వైపంతా తిరుపతి జిల్లాకి పోయింది గానీ, నెల్లూరోళ్లని అడిగితే ఇప్పటికీ మనదే అంటారు. చెన్నై హైవే మీద నాయుడుపేట దాటాక వస్తుంది, దగ్గర్లోనే దొరవారిసత్రం స్టేషనుంది కాబట్టి ప్యాసింజరు రైల్లోనూ పోవచ్చు. పిల్లలకి రైలే సగం తిరుగుడు.

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) చెరువులో ఉన్న నీరుకడప చెట్ల మీద గూళ్లు పెడతాయి. ఒక్కో చెట్టు మీద ఎన్ని గూళ్లో, తెల్లగా పూత పూసినట్టు కనిపిస్తుంది. ఆ ఊరివాళ్లు వీటిని తరిమికొట్టరు, పక్షుల రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి బలమని వాళ్ల నమ్మకం. టవరెక్కి చూడొచ్చు. మేము వెళ్లిన రోజు ఒక గూడబాతు మా ఎదురుగానే దిగింది. దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాపి నీళ్లమీద జారుకుంటూ వచ్చి, ఆగి, ముక్కు ముంచి, ఆ సంచిలోకి నీళ్లూ చేపలూ కలిపి తీసుకుని, తల కిందికి వంచి నీళ్లన్నీ మెల్లగా వదిలేసి, అప్పుడు తలెత్తి మింగింది. చిన్నోడు "అమ్మా, దానికీ సంచుంది" అన్నాడు, మన కొక్కెం సంచి గుర్తొచ్చి. మా ఆయన బైనాక్యులర్ కళ్ల మీంచి దించకుండా నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. పెళ్లి వీడియోలో తప్ప ఆయన నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

అక్కడ గట్టిగా అరవకూడదు, రాళ్లు వెయ్యకూడదు. పిల్లలకి ముందే ఒక ఆట నేర్పండి, పక్షి కనపడితే నోటితో కాదు వేలితో చెప్పాలని. పది నిమిషాలు పనిచేస్తుంది, అది చాలు. పొద్దున్నే పోతే మంచిది, మధ్యాహ్నానికి పక్షులూ మనమూ అందరం నీరసపడతాం.

అక్కణ్నించి సూళ్లూరుపేట పోయి శ్రీహరికోట రోడ్డెక్కితే రెండు పక్కలా పులికాటే. చిలకా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. నీళ్లు తక్కువగా ఉన్నచోట ఫ్లెమింగోలు తల కిందికి పెట్టి నడుస్తుంటాయి. ఒక్కటి ఎగిరిందంటే రెక్కల కింద గులాబీ రంగు కనిపిస్తుంది. అది బస్సులు, లారీలు తిరిగే రోడ్డు, కాబట్టి బండి పూర్తిగా పక్కకి తీసి, పిల్లల్ని నీళ్ల వైపు నిలబెట్టి, మీరు రోడ్డు వైపు నిలబడండి. షార్ (రాకెట్ కేంద్రం) గేటు దాకా పోనక్కర్లేదు. ఫ్లెమింగో పండగ రోజుల్లో సరదాగానే ఉంటుంది, కానీ ఇద్దరూ నిమ్మళంగా చూడాలంటే మామూలు రోజే మేలు.

7. కొండ వైపు, అడవి వైపు

భైరవకోన: ఉదయగిరి, సీతారాంపురం మీదుగా పోవచ్చు, ప్రకాశం జిల్లా వాళ్లకి చంద్రశేఖరపురం వైపు నుంచి దగ్గర. ఒకే కొండని తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం. గుహలు చిన్నవి కాబట్టి పిల్లలకి దాగుడుమూతలాడే ఇళ్లలా ఉంటాయి. కార్తీక పౌర్ణమికీ, శివరాత్రికీ వద్దు, తొక్కిసలాటలో పిల్లల్ని ఎత్తుకోవడంతోనే సరిపోతుంది. రాళ్లమీద పాచి ఉంటుంది, చెప్పులు విప్పించి మెల్లగా నడిపించండి. ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లలుంటే ఆ పొద్దున పాలు పట్టకండి, రెండు ఇడ్లీలు చాలు.

పశ్చిమ ప్రకాశం వాళ్లకి ఇంకో మంచి తిరుగుడుంది. గిద్దలూరులో నంద్యాల రైలెక్కితే దిగువమెట్ట దాటాక నల్లమల అడవిలోంచి, సొరంగాల్లోంచి పోతుంది. టికెట్ ఖర్చు తప్ప ఇంకేం లేదు, నంద్యాల్లో అన్నం తిని సాయంత్రం రైలుకి వెనక్కి రావడమే. కంభం చెరువు కట్ట మీద సాయంత్రం నడక కూడా అంతే. వందల ఏళ్లనాటి ఆ కట్టకి 2020లో అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపొచ్చింది, పక్క ఊళ్లవాళ్లే చాలామంది చూసి ఉండరు.

8. ఇద్దరే పోవడం

ఇది అన్నిటికంటే కష్టం, దూరం వల్ల కాదు, అడగడం వల్ల. మా అత్తయ్య కోవూరులో ఉంటుంది. మొదటిసారి అడిగితే "పిల్లకాయల్ని వదిలిపెట్టి యాడికి పోతారుమే, ఏం పనుందని?" అంది. పనేం లేదత్తయ్యా, ఊరికే అంటే ఆమెకి అర్థం కాలేదు. తప్పు ఆమెది కాదు, వాళ్ల కాలంలో మొగుడూ పెళ్లాం ఇద్దరే ఊరికే పోవడమనేది లేదు.

మాకు పనిచేసిన పద్ధతి: అబద్ధం చెప్పలేదు, గంటలు చెప్పాం. పొద్దున ఆరింటికి దింపి మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్తాం అని చెప్పి, మొదటి రెండుసార్లు ఒంటిగంటన్నరకే వచ్చేశాం. అడగాల్సింది ఎవరి అమ్మనైతే వాళ్లే అడగాలి, కోడలు అడిగితే ఒకలా ఉంటుంది, కొడుకు అడిగితే ఇంకోలా ఉంటుంది. పిల్లల అన్నం, మందు, మార్చే బట్టలు అన్నీ ఇచ్చే పంపండి. వచ్చేటప్పుడు ఆమెకిష్టమైంది పట్టుకురండి, మా అత్తయ్యకైతే మలై కాజా. ఆమెకి విశ్రాంతి కావాల్సిన నెలలో అడగనే అడగకండి. పెద్దవాళ్లు దగ్గర లేకపోతే మీలాగే చిన్నపిల్లలున్న ఇంకో జంటతో మాట్లాడుకుని ఒక శనివారం వాళ్ల పిల్లల్ని మీరు, ఇంకో శనివారం మీ పిల్లల్ని వాళ్లు చూసుకోవచ్చు. నా బ్యాంకు స్నేహితురాలితో మేము అలా చేశాం, నలుగురు పిల్లలు ఒకేచోట ఉంటే మనిషికో పని పెట్టడం తేలిక కూడా.

సినిమాకి పోవద్దని నా సలహా. మూడు గంటలు పక్కపక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడుకోకుండా వచ్చేస్తాం.

మేము ఉదయగిరి కోటకి పోయాం. నెల్లూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు కాబట్టి దీనికి మాత్రం పిల్లల్ని ముందురోజు రాత్రే కోవూరులో దింపాం. కొండ ఎత్తు 3,000 అడుగుల పైనే. కృష్ణదేవరాయలు 1513-14లో ఏడాదిన్నర ముట్టడించి గజపతుల దగ్గర గెలుచుకున్న కోట ఇది, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. చిన్నపిల్లలతో ఎక్కే కొండ కాదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, గట్టి బూట్లు, టోపీ ఉండాలి. ఊళ్లో దారి తెలిసిన మనిషిని వెంట తీసుకోండి, చీకటి పడకముందే దిగేయాలి.

9. తప్పిపోయినప్పుడు

తప్పిపోతుంది. జ్వరమొస్తుంది, చుట్టాలొస్తారు, చెరువులో ఏరేటర్ కాలిపోతుంది. మా ఇంట్లో ఒకటే కట్టుబాటు, రద్దు అనే మాట వాడం. కొట్టేసిన తేదీ పక్కనే, ఆ రోజే, ఇంకో తేదీ రాయాలి. రాయకపోతే ఆ తిరుగుడు అరకు దారి పడుతుంది. ఎవరివల్ల తప్పిపోయిందో ఎత్తిచూపకూడదనేది కూడా అనుకున్నాం, కానీ దాన్ని నేనే ఎక్కువసార్లు తప్పాను.

ఉదయగిరిలోనూ అదే అయింది. పదిన్నరకి సగం కొండ మీద ఉండగా కోవూరు నుంచి ఫోనొచ్చింది, చిన్నోడు మంచం మీంచి పడ్డాడని. నుదుటి మీద బొప్పి తప్ప ఏం లేదు, మేము చేరేసరికి వాడు అత్తయ్య ఒళ్లో కూర్చుని చద్దన్నం తింటున్నాడు. దారిలో మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. రాత్రి నేను సంచి విప్పి బట్టలు నానబెడుతుంటే, వచ్చాక పని ఆరోజు నా వంతు, ఆయన క్యాలెండర్ దించి జనవరి నాలుగో శనివారం గడిలో తన రంగు పెన్నుతో రాశాడు: ఉదయగిరి, సగం.